రాయిని పిండి చేసే తరంగం గాయాన్ని మాన్పుతుందా?



మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు కిడ్నీలో రాళ్ల బాధ ఎరగని ఇల్లు తక్కువ. ఎండ ఎక్కువ, తాగే నీళ్లు తక్కువ. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒకరు ఆస్పత్రికి పోయి, కత్తి పడకుండానే, మిషన్ దగ్గర పడుకుని రాయిని పొడి చేయించుకుని వచ్చి ఉంటారు. ఒంటి మీద గాటు పెట్టకుండా లోపలి రాయిని పిండి చేసే ఆ తరంగాన్నే, బలం బాగా తగ్గించి, ఎంతకీ మానని గాయాల మీద వాడే వైద్యం ఒకటి ఉంది. షాక్‌వేవ్ థెరపీ అంటున్నారు. రోడ్డు ప్రమాదాల్లో, యంత్రాల దగ్గర దెబ్బతిన్న కాళ్లకూ చేతులకూ అది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

ఇది మనకెందుకు అంటారేమో. బెంగళూరు నుంచి వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి కొడికొండ చెక్‌పోస్టు దాటి, సోమందేపల్లి, పెనుకొండ మీదుగా అనంతపురం పోతుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల తయారీ మొదలైంది. దాని చుట్టూ విడిభాగాల ఫ్యాక్టరీలు వచ్చాయి. షిఫ్టు బస్సులు, కంటైనర్ లారీలు, వాటి సందుల్లోంచి దూసుకుపోయే మోటారు సైకిళ్లు, అన్నీ ఆ దారి మీదే. హిందూపురం పక్కన తూమకుంట పారిశ్రామికవాడలో ప్రెస్సుల ముందు పనిచేసే చేతులున్నాయి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌ను నమ్ముకుని, వేడినీళ్ల తొట్టిలోంచి పోగు అందుకునే రీలింగ్ కార్మికుల వేళ్లున్నాయి. ధర్మవరంలో గుంట మగ్గంలో కూర్చుని పొద్దస్తమానం ఒట్టి కాళ్లతో పలకలు తొక్కే నేతగాళ్లున్నారు. వాళ్లలో షుగరు ముదిరిన మనిషికి అరికాలి కింద పుండు పడ్డా తెలియదు. ఈ గాయాలు చాలావరకు ప్రాణం మీదికి రావు, బతుకుదెరువు మీదికి వస్తాయి. నెలల తరబడి కట్టు కట్టించుకుంటూ, కూలి పోగొట్టుకుంటూ, చివరికి 'ఏదో కొత్త మిషన్ ఉందట' అని అప్పు చేసి బయల్దేరేవాళ్లను చూస్తున్నాను కాబట్టే ఈ విషయం ఎత్తుకున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ తరంగానికి సొంతంగా గాయం పూడ్చే శక్తి లేదు. గాయం చుట్టూ ఇంకా ప్రాణంతో ఉన్న కండను, చర్మాన్ని, సన్నటి రక్తనాళాలను అది తట్టిలేపుతుంది. లేవడానికి అక్కడ ఏదో ఒకటి బతికి ఉండాలి. ఎంత బతికి ఉందన్నది మిషన్ దగ్గరికి పోయేసరికే తేలిపోతుంది. దెబ్బ తగిలిన మొదటి కొన్ని గంటలే దాన్ని తేలుస్తాయి.

ఇక ఈ తరంగం కథ. జర్మనీలో డోర్నియర్ అనే విమానాల కంపెనీ ఉండేది. ధ్వని కంటే వేగంగా పోయే విమానానికి వాన చినుకు తగిలినా లోహం దెబ్బతింటోంది. ఎందుకో కనుక్కోవాలని 1960లలో అక్కడి ఇంజనీర్లు ప్రయోగాలు చేశారు. 1966లో ఒకనాడు, మహావేగంతో వచ్చిన గుండు లోహపు పలకను తాకిన క్షణాన, ఒక ఉద్యోగి చెయ్యి ఆ పలక మీద ఉంది. కరెంటు కొట్టినట్టు అదిరిపడ్డాడు. కొలిచి చూస్తే కరెంటు జాడే లేదు. పలకలోంచి చేతిలోకి, చేతిలోంచి ఒంట్లోకి పాకింది ఒత్తిడి తరంగం. చర్మం మాత్రం చెక్కుచెదరలేదు.

మామూలు శబ్దంలో ఒత్తిడి మెల్లగా ఎక్కుతూ దిగుతూ సాగుతుంది. ఈ తరంగంలో ఒత్తిడి కన్ను మూసి తెరిచే లోపల కాదు, అందులో కోటో వంతు సమయంలో శిఖరానికి ఎక్కుతుంది. వెంటనే పడిపోతుంది, ఆ వెనకాలే చిన్న లాగుడు వస్తుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కనుక, నీళ్లలో పుట్టించిన తరంగం చర్మం దగ్గర ఆగకుండా లోపలికి పోతుంది. గాలి ఎదురైతే మాత్రం అక్కడే వెనక్కి తిరుగుతుంది, ఆ సరిహద్దు దగ్గర దెబ్బ తీస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో పడ్డ నావికులకు దగ్గర్లో నీటి బాంబులు పేలినప్పుడు, పైన ఒక్క గాయం లేకపోయినా ఊపిరితిత్తులు చితికిపోయి ఉండటం వైద్యులు చూశారు. అందుకే గాయాల వైద్యంలో ఊపిరితిత్తుల వైపు తరంగం పంపకూడదనే నియమం ఉంది. మిషన్ తలకూ చర్మానికీ మధ్య గాలి బుడగ లేకుండా దట్టంగా జెల్ రాసేదీ అందుకే.

1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ అనే వైద్యుడి బృందం మొట్టమొదటిసారి ఒక రోగి కిడ్నీ రాయిని ఈ తరంగాలతో పగలగొట్టింది. ఆ రోజుల్లో రోగిని నీళ్ల తొట్టిలో దించి చేసేవారు. అది ప్రపంచమంతా పాకింది, మన ఊళ్లదాకా వచ్చింది. ఈలోగా తరంగం ఎముకకు తగిలితే ఏమవుతుందో చూద్దామని 1980ల మధ్యలో జంతువుల మీద పరీక్షలు జరిగాయి. దెబ్బతింటుందేమో అనుకున్న ఎముకలో కొత్త ఎదుగుదల కనిపించింది! బల్గేరియా వైద్యులు వాల్చనౌ, మిఖైలోవ్ 1991లో, అతుక్కోని ఎముకల మీద దీన్ని వాడి, నూటికి 85 మందిలో ఎముక కలిసిందని ప్రకటించారు. అయితే తరంగం ఇవ్వని రోగులను పక్కన పెట్టుకుని పోల్చి చూసిన లెక్క కాదది. ఈ వైద్యం గురించి వినే ప్రతి అంకె దగ్గరా ఆ ప్రశ్న వేసుకోవాలి: దేనితో పోల్చారు?

మెత్తటి గాయాల సంగతికి వస్తే, ఆస్ట్రియాకు చెందిన వోల్ఫ్‌గాంగ్ షాడెన్ బృందం 2007లో ప్రచురించిన అనుభవం ముఖ్యమైనది. 208 మంది రోగులు. ప్రమాదాల్లో చర్మం చచ్చిపోయినవి, ఆపరేషన్ తర్వాత మానకుండా నిలిచిపోయినవి, కాలినవి, పడుకుని పడుకుని పుండ్లు పడ్డవి, రకరకాల గాయాలు. చచ్చిన కండ తీసేసి, తక్కువ బలం తరంగాలిచ్చి, మామూలు డ్రెస్సింగు చేశారు. నూటికి 75 మందికి చర్మం పూర్తిగా కమ్ముకుంది. ఇక్కడా పోలిక గుంపు లేదు. కానీ ఆ లెక్కలో నాకు బాగా నచ్చినది వేరే ఉంది. ఎవరికి బాగా మానింది అని చూస్తే, గాయం పది చదరపు సెంటీమీటర్ల లోపు ఉన్నవాళ్లకు, అంటే ఇంచుమించు మూడు సెంటీమీటర్ల పొడవు వెడల్పుల్లో ఉన్నదానికి, అదీ దెబ్బ తగిలి నెల దాటని వాళ్లకు. నెలలు నానబెట్టి చివరి ఆశగా పోతే ఫలితం తగ్గుతుందని దాని అర్థం.

పోలిక గుంపు పెట్టి చేసిన పరీక్షలూ ఉన్నాయి. జర్మనీలో ఓట్టోమాన్ బృందం 2010లో తొడ మీద చర్మం తీసి మరోచోట అతికించినప్పుడు, ఆ తీసిన చోట మానడానికి ఎన్నాళ్లు పడుతుందో చూసింది. ఒక్కసారి తరంగం ఇచ్చిన వాళ్లకు సగటున 14 రోజులు, ఇవ్వని వాళ్లకు దాదాపు 17 రోజులు. 2012లో కాలిన గాయాల మీద ఇంకో పరీక్ష. అక్కడా పన్నెండున్నర రోజులు పట్టేది పదిరోజుల లోపుకు తగ్గింది. రెండు మూడు రోజులేగా అనిపించవచ్చు. కాలిన చేతికి క్రిమి పట్టే అవకాశం రోజురోజుకీ పెరుగుతుందని తెలిసిన వాళ్లు ఆ మూడు రోజుల్ని తీసిపారెయ్యరు.

షుగరు పుండ్లకు అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2017 డిసెంబరులో ఇలాంటి మిషన్ ఒకదానికి అనుమతి ఇచ్చింది. దాని వెనక 336 మంది మీద జరిగిన పరీక్షలున్నాయి. 24 వారాలకు, నిజం తరంగం అందిన వాళ్లలో నూటికి 44 మందికి పుండు మూసుకుంది, ఉత్తుత్తి తరంగం అందిన వాళ్లలో 30 మందికి మూసుకుంది. 12 వారాల దగ్గర చూస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఇది మెల్లగా పనిచేసే సాయం. ఆ 44 పక్కన మిగిలిన 56 మందిని కూడా చూడండి. మానుతుందని గ్యారంటీ రాసిచ్చే వాళ్లను నమ్మకండి.

ఒత్తిడితో కండ ఎలా లేస్తుందంటే, మన కణాలకు రసాయనాలే కాదు, లాగుడూ నొక్కుడూ కూడా తెలుస్తాయి. బరువు మోసే ఎముక గట్టిపడటం, కూలి పనిచేసే అరచేతిలో చర్మం మందం కావడం ఆ తెలివి వల్లే. తరంగం తాకిన కణాలు నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తాయి, దానితో అక్కడి రక్తనాళాలు విప్పారుతాయి. కొత్త నాళాలు మొలిపించే వీఈజీఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. తైవాన్‌లో డాక్టర్ చింగ్ జెన్ వాంగ్ బృందం 2003లో కుందేళ్ల మడమ స్నాయువు దగ్గర ఇలా కొత్త నాళాలు పుట్టడం చూపించింది. అయితే పెద్ద రక్తనాళమే తెగిపోయో, పూడుకుపోయో ఉంటే ఇదంతా నీళ్లు అందని చేనుకు ఎరువు చల్లినట్టే. కాలి మడమ దగ్గర నాడి కొట్టుకుంటోందా లేదా చూడకుండా ఎవరైనా తరంగం పెడతామంటే ఒప్పుకోవద్దు.

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. నా దృష్టిలో ఈ ప్రసంగంలో అసలు భాగం ఇదే.

మోకాలి కింద ఎముకను ముందువైపు తడిమి చూసుకోండి. చర్మం, వెంటనే ఎముక. మధ్యలో కండ లేదు. మోటారు సైకిల్ మీంచి పడ్డప్పుడు ఎక్కువగా చిట్లేది అక్కడే, రక్తం తక్కువ అందేదీ అక్కడే. ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వస్తే దాన్ని తెరుచుకున్న విరుపు అంటాం. గాయం ఎంత పెద్దది, పైన కప్పడానికి చర్మం మిగిలిందా, రక్తనాళం తెగిందా అన్నదాన్ని బట్టి గస్టిలో, ఆండర్సన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు 1976లో తరగతులు ఏర్పరిచారు. తర్వాత సవరించిన ఆ తరగతులనే ఇప్పటికీ వాడుతున్నాం. కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌లో డాక్టర్ రాజశేఖరన్ బృందం 2006లో ఇంకా సూక్ష్మంగా, చర్మానికి వేరు, ఎముకకు వేరు, కండకూ నరాలకూ వేరుగా మార్కులు వేసి, కాలు నిలబడుతుందా తీసేయాలా అని తేల్చుకునే పద్ధతి చెప్పింది. మన దేశపు రోడ్ల మీద నలిగిన కాళ్లను చూసి కట్టిన లెక్క అది. అందులో రోగికి షుగరు ఉంటే అదనంగా మార్కులు పడతాయి, ఆ పద్ధతిలో మార్కులు పెరిగితే కాలికి చేటు.

రక్తం అందని కండ నాలుగు నుంచి ఆరు గంటల్లో తిరిగి బాగుపడనంతగా చచ్చిపోవడం మొదలుపెడుతుంది. పెనుకొండ దగ్గర దెబ్బ తగిలిన మనిషిని ఒక ఆస్పత్రికి తీసుకుపోయి, అక్కడినుంచి ఇంకోచోటికి, చివరికి బెంగళూరుకు అంటూ తిప్పితే ఆ గంటలు దారిలోనే అయిపోతాయి. ముందు 108కి ఫోన్ చేయండి. దగ్గర్లో ఎముకల డాక్టరు, ఆపరేషన్ థియేటరు ఉన్న చోటు ఏదో అంబులెన్సు వాళ్లనే అడగండి. హిందూపురంలో, అనంతపురంలో ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. ధర్మవరానికి దగ్గరగా బత్తలపల్లిలో ఆర్డీటీ ఆస్పత్రి ఉంది. ఇలాంటి గాయాల్లో యాంటీబయాటిక్ ఇంజక్షను మొదటి మూడు గంటల లోపల పడితే క్రిమి పట్టడం బాగా తగ్గుతుంది. అది పెద్ద ఆస్పత్రిలోనే వెయ్యాలని లేదు, దారిలో మొదటి డాక్టరు వెయ్యవచ్చు. ధనుర్వాతం ఇంజక్షనూ అంతే. కేసవుతుందని భయపడి దూరంగా నిలబడకండి. సాయం చేసిన వాళ్లను వేధించకూడదని మోటారు వాహనాల చట్టంలో 2019లోనే ప్రత్యేకంగా 134ఏ సెక్షను చేర్చారు. డబ్బు సంగతికి, రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజులపాటు లక్షన్నర రూపాయల దాకా, గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో నగదు కట్టకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో ప్రకటించింది. ఆస్పత్రిలో ఆ పథకం గురించి అడగండి.

గాయం మీద పసుపు, కాఫీ పొడి, బూడిద, సున్నం ఏదీ వద్దు. వాటిని మళ్లీ గీరి తీయాల్సి వస్తుంది, గీరితే వాటితోపాటు ప్రాణమున్న కణాలూ పోతాయి. మంచినీళ్లు ధారగా పోసి, ఉతికిన గుడ్డ కప్పి, అరచేత్తో గట్టిగా నొక్కిపట్టండి. విరిగిన కాలికి రెండు వైపులా కర్రలు పెట్టి కదలకుండా కట్టండి, కానీ వేళ్లు నల్లబడేంత బిగించకండి. రాయలసీమలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తురాని మనిషి ఉండడు. చర్మం చిట్లని విరుపు గురించి నేనిక్కడ మాట్లాడటం లేదు. ఎముక బయటపడిన గాయాన్ని, ఎవరు కట్టినా సరే, కడగకుండా బిగించి మూసేస్తే లోపల చీము పట్టి ఎముకే కుళ్లుతుంది. ఫ్యాక్టరీలో వేలు తెగిపడితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్ని ఐసు నీళ్లలో ఉంచి తీసుకురండి. వేలు నేరుగా ఐసు మీద పెడితే అతికించడానికి పనికిరాకుండా పోతుంది.

ఆస్పత్రిలో కడిగి, చచ్చినది కోసి, ఎముకకు రాడ్డో బయటి చట్రమో వేసి, కండ తెచ్చి కప్పి, చర్మం అతికించి, ఇన్ని చేశాక కూడా ఒక మూల పుండు మానకుండా మొరాయిస్తుంది చూడండి, తరంగానికి తావు అక్కడ. అతికించిన చర్మం అంచున నల్లబడ్డ ముక్క, ఎముక సగం కలిసి ఆగిపోయిన చోటు, చర్మం తీసిన తొడ, ఇవి దానికి తగిన పనులు.

చికిత్స చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. గాయం శుభ్రం చేసి, క్రిమిరహితమైన జెల్ రాసి, పైన పలచటి పొర కప్పి, మిషన్ తలను ఆనించి మెల్లగా జరుపుతారు. టపటపమని శబ్దం వస్తుంది. చదరపు సెంటీమీటరుకు వందో, అంతకంటే ఎక్కువో దెబ్బలు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మెత్తటి గాయాలకు మత్తు సాధారణంగా అక్కర్లేదు. వారానికో రెండు వారాలకో మళ్లీ రమ్మంటారు. మధ్యలో రోజూ చేసే డ్రెస్సింగు మానకూడదు. ఎముక కలవడానికి ఇచ్చేది వేరు, దాని బలం ఎక్కువ, నొప్పీ ఎక్కువ, మత్తు కావాల్సి రావచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈమధ్య మన పట్టణాల్లో ఫిజియోథెరపీ సెంటర్ల బోర్డుల మీద కూడా షాక్‌వేవ్ అనే మాట కనిపిస్తోంది. మడమ నొప్పికి, భుజం పట్టేసినదానికి వాడే ఆ మిషన్లలో చాలావరకు గాలి ఒత్తిడితో లోపల ఒక గుండు వచ్చి కొట్టే రకం. దాని దెబ్బ పైపైనే చెదిరిపోతుంది, అసలు షాక్‌వేవ్‌కు ఉండే ఆకస్మికత దానికి లేదు. నొప్పులకు అది ఉపయోగపడవచ్చు. నేను పైన చెప్పిన గాయాల లెక్కలు మాత్రం ఆ మిషన్‌వి కావు. పచ్చి పుండు మీద దాన్ని పెట్టించుకోవద్దు. కిడ్నీ రాళ్ల మిషన్ కూడా గాయానికి కాదు. రాయిని పగలగొట్టాలంటే బలాన్ని ఒక బిందువు మీద కేంద్రీకరించాలి, గాయానికి ఆ బలాన్ని తగ్గించి వెడల్పుగా పరచాలి. గాయాల కోసం తయారైన మిషనేనా, నేర్చుకున్న డాక్టరేనా అని అడగడం మీ హక్కు.

క్యాన్సరు ఉన్న చోట, గర్భిణులకు దీన్ని ఇవ్వరు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. ఎదిగే పిల్లల్లో ఎముకల చివర ఉండే పెరుగుదల పట్టీల మీద బలమైన తరంగం పడకూడదు. చీము పొంగుతున్న గాయానికి ముందు చీము తీయాలి.

ధర్మవరం నేత కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. షుగరు ఉంటే రోజూ రాత్రి మగ్గం దిగాక అరికాళ్లు చూసుకోండి. కన్ను ఆనకపోతే ఇంట్లో పిల్లల్ని చూడమనండి. పుండు పడితే ఆ కాలితో పలక తొక్కడం ఆపాలి, అది కష్టమని నాకు తెలుసు, కూలి పోతుంది. కానీ నొక్కుడు ఆగకుండా ఏ తరంగమూ ఆ పుండును మూయలేదు. అరికాలికి మెత్తగా ఉండే ఎంసీఆర్ రబ్బరు చెప్పులు వేసుకోండి, ఇంట్లో కూడా.

దెబ్బ తగిలి నాలుగు వారాలైనా గాయం సగానికి కూడా తగ్గలేదంటే అదే కట్టు కట్టించుకుంటూ కూర్చోకండి. షుగరు ఎంతుందో, మడమ దగ్గర నాడి ఉందో లేదో, ఎక్స్‌రేలో ఎముకకు చీము పట్టిందేమో, లోపల రాయీ గాజూ మిగిలిందేమో చూడమని డాక్టరును అడగండి. ఈ నాలుగూ తేలాక, షాక్‌వేవ్ వల్ల నాకు లాభముందా అని అడగండి. ఉందంటే ఎన్నిసార్లు, ఎంత ఖర్చు, ఎన్ని వారాల్లో తేడా కనిపించాలి, కనిపించకపోతే తర్వాత ఏం చేస్తారు అన్నది మొదటి రోజే తెలుసుకోండి. గాయాన్ని వారానికోసారి పక్కన స్కేలు పెట్టి ఫోనుతో ఫొటో తీసి దాచుకోండి, డాక్టరుకు అది చాలా సాయపడుతుంది.